గోల్ కొట్టనివాడి కొలువు: ఖరగ్‌పూర్ రైల్వే ఫుట్‌బాల్ చెప్పే డిఫెండర్ కథ

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. ఆట మొదలైన ఇరవై నిమిషాలకే భారత జట్టు దక్షిణ కొరియాపై రెండు గోల్స్ ముందంజలో ఉంది. మొదటి గోల్ పి.కె. బెనర్జీ చేయగా, రెండవది జర్నైల్ సింగ్ సాధించారు. కొరియా తన ఏకైక గోల్‌ను 85వ నిమిషంలో గాని చేయలేకపోయింది. నడుమ గడిచిన 65 నిమిషాల గురించి స్కోరు పట్టిక ఏమీ చెప్పదు.

ఆ 65 నిమిషాలూ భారత రక్షణ వరుస నడుమ నిలబడినవారు ఇరవై ఒక్క ఏళ్ల అరుణ్ ఘోష్. నిజానికి ఆ స్థానం జర్నైల్ సింగ్‌ది. లీగ్ దశలో థాయిలాండ్‌తో ఆడుతున్నప్పుడు జర్నైల్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆయనను సెమీఫైనల్ నుంచి ముందు వరుసలో ఆడించారు. వెనుక ఖాళీ అయిన చోటును యువకుడైన ఘోష్‌కు అప్పగించారు. జర్నైల్ సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ గోల్స్ చేశారు. తన స్థానం వదలి ముందుకు వెళ్లిన డిఫెండర్‌ను ఈనాటికీ అందరూ గుర్తుపెట్టుకున్నారు. ఆ స్థానాన్ని కాచిన డిఫెండర్ పేరు చెప్పమంటే ఫుట్‌బాల్ అభిమానులు సైతం ఒక క్షణం ఆలోచిస్తారు.

అప్పటికి ఈస్ట్ బెంగాల్ ఆటగాడైన అరుణ్ ఘోష్, 1960ల నడిమిలో ఆ పెద్ద క్లబ్బును విడిచి బి.ఎన్.ఆర్. జట్టులో చేరారు. బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. దేశ జట్టుకు ఆడి, ఆసియా స్వర్ణం గెలిచి, 1965 అర్జున పురస్కారం పొందిన ఆటగాడు లక్షల అభిమానులున్న క్లబ్బు నుంచి రైల్వే జట్టుకు ఎందుకు వెళ్తారన్న ప్రశ్న నేటివారికి వింతగా తోచవచ్చు. నాటివారికి అందులో వింతేమీ లేదు. దానికి సమాధానం కలకత్తా మైదానంలో కన్నా, ఆ రైల్వే నిర్మించిన ఖరగ్‌పూర్ పట్టణంలో తేలికగా దొరుకుతుంది.

రైలు కట్టిన ఊరు

హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, మద్రాసు వైపు, నాగ్‌పూర్ వైపు వెళ్లే మార్గాలు విడిపోయే చోట ఖరగ్‌పూర్ ఉంది. దాదాపు 1,072 మీటర్ల పొడవైన దాని ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఇక్కడ పెద్ద వర్క్‌షాపును, దాని చుట్టూ క్వార్టర్ల వరుసలను, ఇన్‌స్టిట్యూట్లను, ఆట మైదానాలను కట్టింది.

ఆ రైలు మార్గం తూర్పు తీరం వెంబడి వాల్తేరు వరకు సాగడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు కూలీలుగా, కళాసీలుగా, ఫిట్టర్లుగా, గుమస్తాలుగా ఇక్కడికి చేరుకున్నారు. మథురాకాటి, నిమ్‌పురా వంటి పేటలలో మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కార్మిక నాయకుడిగా ఎదిగింది ఈ రైల్వేలోనే. 1920ల చివరి ఏళ్లలో బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మెకు ఆయన నాయకత్వం వహించారు.

కంపెనీని 1944లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1952లో అది తూర్పు రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టు 1న విడివడి ఆగ్నేయ రైల్వే అయింది. ఇలా పటంలో నుంచి బి.ఎన్.ఆర్. అన్న పేరు చెరిగిపోయినా కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ పట్టికలో మాత్రం ఆ మూడు అక్షరాలు మిగిలాయి. ఆగ్నేయ రైల్వే జట్టును మైదానంలో అందరూ బి.ఎన్.ఆర్. అనే పిలిచారు. ఒక సంస్థ పోయినా దాని ఫుట్‌బాల్ జట్టు పాత పేరుతోనే బ్రతికి ఉండటం అరుదైన విషయం.

ఈ ఊరి మైదానం ఆటగాళ్ల జీవితాలను ఎలా మలుపు తిప్పేదో చెప్పడానికి లెస్లీ క్లాడియస్ ఉదంతం చాలు. బిలాస్‌పూర్‌లో పుట్టిన ఆయన 1946లో ఖరగ్‌పూర్‌లో ఉన్నది ఫుట్‌బాల్ కోసం. బి.ఎన్.ఆర్. హాకీ జట్లు రెండూ బైటన్ కప్‌కు ముందు సాధన చేస్తుండగా ఒక ఆటగాడు తక్కువయ్యాడు. 1932 ఒలింపిక్ స్వర్ణ విజేత డికీ కార్, పక్కన నిలబడి చూస్తున్న క్లాడియస్‌ను ఆడమన్నారు. రెండేళ్లకే ఆయన లండన్ ఒలింపిక్స్‌లో ఉన్నారు. 1948, 1952, 1956లలో స్వర్ణాలు, 1960లో సారథిగా రజతం ఆయన సాధించారు. ఆయన స్థానం రైట్ హాఫ్. ఎదురుదాడిని అడ్డుకుని బంతిని ముందుకు అందించే పని. రైల్వే మైదానం ఫుట్‌బాల్ నుంచి ఒక గొప్ప రక్షకుణ్ణి తీసుకుని హాకీకి ఇచ్చింది.

ఇద్దరు, ముగ్గురు, నలుగురు

డిఫెండర్ పని ఏమిటన్నది కాలంతో పాటు మారుతూ వచ్చింది. 1925కు ముందు ఆఫ్‌సైడ్ నియమం ప్రకారం, బంతి అందుకునే దాడి ఆటగాడికీ గోల్ రేఖకూ మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. ఇద్దరు బ్యాక్‌లు చాలేవారు; ఒకరు ముందుకు జరిగితే ప్రత్యర్థి ఆఫ్‌సైడ్‌లో చిక్కుకునేవాడు. 1925లో ఆ సంఖ్యను రెండుకు తగ్గించారు. గోల్స్ వెల్లువెత్తాయి. దానికి విరుగుడుగా ఇంగ్లండ్ క్లబ్బులు నడిమి వరుసలోని సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు బ్యాక్‌ల మధ్య నిలబెట్టాయి. ఆయనకే స్టాపర్ అని పేరు వచ్చింది.

భారతదేశంలో మాత్రం ఇద్దరు బ్యాక్‌ల పద్ధతి ఇంకో పాతికేళ్లు సాగింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినప్పుడు గాని దాని లోపం తెలిసిరాలేదు. ఆ చలిలో మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండా ఆడారన్నదే ఆ ఓటమి గురించి ఎక్కువగా చెప్పుకునే మాట. బూట్లు లేకపోవడం కన్నా, ఐదుగురు దాడి ఆటగాళ్ల ముందు ఇద్దరే బ్యాక్‌లు ఉండటం పెద్ద దెబ్బ. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. వెనుక మూడవ మనిషి కూడా వచ్చాడు.

ఈ మార్పుకు తెలుగు నేలతో సంబంధం ఉంది. హైదరాబాద్‌కు చెందిన ఉపాధ్యాయుడు రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఆ జట్టు రక్షణ వరుసలో హైదరాబాద్ పోలీసు ఆటగాడు అజీజుద్దీన్ ఉన్నారు. 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపిన నాలుగు, రెండు, నాలుగు వరుసల కూర్పు వైపు రహీం ముందే అడుగులు వేశారని ఆయన శిష్యులు చెప్పుకునేవారు. జకార్తాలో ఒక స్టాపర్‌ను ముందుకు పంపి, మరొకరిని అదే స్థానంలో నిలబెట్టగలగడానికి వెనుక ఇన్నేళ్ల సాధన ఉంది. అక్కడికి తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్‌లో, ఆయన క్యాన్సర్‌తో మరణించారు.

స్టాపర్ అసలు నైపుణ్యం బంతిని లాక్కోవడంలో కన్నా, బంతి రాకముందే దారి మూయడంలో ఉంటుంది. రేడియో వ్యాఖ్యానం వినే అలవాటు ఉన్నవారికి ఇది బాగా తెలుసు. వ్యాఖ్యానం బంతి వెంట పోతుంది. ప్రత్యర్థి మనసు మార్చుకుని బంతిని వేరొకవైపు పంపేలా నిలబడిన డిఫెండర్ పేరు వ్యాఖ్యాత నోట రాదు. అతడు ఒక్క అడుగు తప్పితే మాత్రం ఆ పేరు ఊరంతా వింటుంది.

గుర్తింపు విషయంలోనూ ఇదే వరుస. ఫుట్‌బాల్‌లో తొలి మూడు అర్జున పురస్కారాలు పి.కె. బెనర్జీ, తులసీదాస్ బలరాం, చునీ గోస్వామిలకు దక్కాయి. ముగ్గురూ ముందు వరుసవారే. నాలుగో ఏట జర్నైల్, ఐదో ఏట ఘోష్ వచ్చారు.

జీతం, పాస్, క్వార్టర్

1950, 60 దశకాలలో భారతదేశంలో ఫుట్‌బాల్ వృత్తి కాదు. ఒలింపిక్స్‌లో ఆడాలంటే అమెచ్యూర్ హోదా తప్పనిసరి. ఆట కోసం జీతం తీసుకుంటున్నట్లు కాగితం మీద కనబడకూడదు. క్లబ్బులు ఏదో ఒక రూపంలో సొమ్ము ముట్టజెప్పినా అది ఆ ఏటికే. పోలీసు, రైల్వే, సైన్యం, పోర్టు, కస్టమ్స్ వంటి సంస్థల జట్లు మాత్రం ఉద్యోగమే ఇచ్చేవి. ఆటగాడు రికార్డుల్లో గుమస్తాగానో, టికెట్ తనిఖీ ఉద్యోగిగానో, వర్క్‌షాపు కార్మికుడిగానో ఉండేవాడు. సాధనకు, టోర్నమెంట్లకు సెలవు దొరికేది. కుటుంబానికి రైల్వే పాస్, వీలైతే క్వార్టర్, రైల్వే ఆసుపత్రిలో వైద్యం లభించేవి. ఆట ముగిసిన తరువాత కూడా పదవీ విరమణ వయసు దాకా జీతం వచ్చేది.

ఇందువల్ల రైల్వే జట్లు రెండో తరగతి జట్లుగా ఉండిపోలేదు. 1958లో కలకత్తా లీగ్‌ను తూర్పు రైల్వే గెలిచింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ కాక మరొక జట్టు ఆ టైటిల్‌ను మళ్లీ గెలవడానికి 2019 వరకు ఆగవలసి వచ్చింది. సంతోష్ ట్రోఫీని రైల్వేస్ 1961-62, 1964-65, 1966-67లలో మూడుసార్లు కైవసం చేసుకుంది. నడుమ 1965-66లో గెలిచినది ఆంధ్రప్రదేశ్. రోవర్స్ కప్‌ను 1963లో ఆంధ్రప్రదేశ్ పోలీస్, 1964లో బి.ఎన్.ఆర్. గెలుచుకున్నాయి. ఉద్యోగం ఇచ్చే జట్ల కాలం అది.

బి.ఎన్.ఆర్. వైపు చూస్తే తెలుగు పేరు ఒకటి ముందు వరుసలోనే కనిపిస్తుంది. 1964 ఆసియా కప్‌లో దక్షిణ కొరియాపై భారత్ 2-0తో నెగ్గినప్పుడు రెండో నిమిషంలోనే గోల్ చేసిన అప్పలరాజు ఆ జట్టు ఆటగాడు. ఆ పేరు ఏ కొండ మీది దేవుడి పేరో, ఏ ప్రాంతంలో వినిపించేదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ టోర్నమెంట్‌లో భారత్ రెండో స్థానం పొందింది.

మరొక పేరు బలరాం. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టి, ఈస్ట్ బెంగాల్‌లో వెలిగిన ఆయన 1963లో బి.ఎన్.ఆర్.కు వచ్చారు. అదే ఏడు ఊపిరితిత్తుల వ్యాధి ఆయన ఆటను ఆపించింది. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. రెండు ఒలింపిక్స్, ఒక ఆసియా స్వర్ణం చూసిన ఆటగాడికి ఆ తరువాత ఆధారమైనది క్లబ్బు కీర్తి కాదు, రైల్వే కొలువే. 2023 ఫిబ్రవరి 16న మరణించే నాటికి ఆయన ఆట మానేసి అరవై ఏళ్లు అయింది.

డిఫెండర్‌కు ఈ లెక్క ఇంకా ముఖ్యం. దాడి ఆటగాడికి ఒక సీజన్‌లో ఇరవై గోల్స్ వస్తే మరుసటి ఏట మరొక క్లబ్బు ఎక్కువ సొమ్ము ఇచ్చి పిలుస్తుంది. స్టాపర్ చేతిలో అలాంటి అంకె ఉండదు. ఎన్ని గోల్స్ పడకుండా ఆపాడో లెక్కించే పట్టిక ఆ రోజుల్లో లేదు. పైగా గాయాల భారం ఆయనదే ఎక్కువ. ఎగిరి తలతో బంతిని నెట్టే ప్రతిసారీ ఎదుటివాడి మోచేయి, పరుగెత్తేవాడిని ఆపే ప్రతిసారీ మోకాలు ప్రమాదంలో పడతాయి. బేరానికి అంకెలు లేని, దెబ్బలకు మాత్రం హామీ ఉన్న స్థానం అది. అరుణ్ ఘోష్ బి.ఎన్.ఆర్. దారి పట్టిన నిర్ణయాన్ని ఈ వెలుగులో చూడాలి.

అందరూ ఆ దారినే నడవలేదు. హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ 1960ల నడిమిలోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, తరువాత కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన సారథ్యంలో భారత్ కాంస్యం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే ఇప్పటివరకు చివరి పతకం. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య రెండూ ఆయనకు లభించాయి. క్లబ్బు జీవితంతోనే నెగ్గుకొచ్చిన డిఫెండర్‌గా ఆయన నిలుస్తారు. అలా నెగ్గుకురాగలిగినవారు కొద్దిమందే.

ఒప్పందాల కాలం

1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ రావడంతో ఆట బాహాటంగా వృత్తి అయింది. డిఫెండర్‌కు కూడా ఇప్పుడు అంకెలు ఉన్నాయి: ఎన్ని అడ్డగింతలు, ఎన్ని తల బంతులు గెలిచాడు, గోల్ పడని మ్యాచ్‌లు ఎన్ని అన్నవన్నీ లెక్కకు వస్తున్నాయి. మంచి స్టాపర్‌కు నాటి రైల్వే గుమస్తా ఊహించని సొమ్ము దక్కుతోంది. దానికి బదులుగా భద్రత పోయింది. ఒప్పందం ఒకటి రెండేళ్లకు. మోకాలు దెబ్బతింటే పునరుద్ధరణ జరుగుతుందన్న నమ్మకం లేదు.

ఆ భద్రత ఎంత పలచనిదో 2025లో బయటపడింది. సమాఖ్యకూ నిర్వాహక సంస్థకూ మధ్య ఉన్న హక్కుల ఒప్పందం గడువు ఆ ఏడాది డిసెంబరులో ముగియనుండగా, కొత్త ఒప్పందం కుదరలేదు. జులైలో నిర్వాహకులు సూపర్ లీగ్ తదుపరి సీజన్‌ను నిలిపివేస్తున్నట్లు తెలిపారు. బెంగళూరు క్లబ్బు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలను ఆపింది. దేశంలోని అత్యున్నత స్థాయి ఆటగాళ్లు కూడా తమ తరువాతి జీతం ఎప్పుడో తెలియక నెలల తరబడి ఎదురుచూశారు.

దానికి కొద్ది నెలల ముందు ఇంకొక దృశ్యం కనబడింది. 2024 డిసెంబరు 31న హైదరాబాద్ గచ్చిబౌలి మైదానంలో బెంగాల్ జట్టు కేరళను 1-0తో ఓడించి 33వసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదనపు సమయపు నిమిషాలలో గోల్ చేసిన రవి హాంస్‌దా పేరు పత్రికల శీర్షికలకెక్కింది. కేరళను ఆ సాయంత్రమంతా గోల్ చేయనివ్వని వెనుక వరుస పేర్లు లోపలి పేజీల్లో ఉన్నాయి. అయితే రాష్ట్రానికి తిరిగి వెళ్లాక పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం జట్టు మొత్తానికి ఉద్యోగాలు ప్రకటించింది. అరవై ఏళ్ల తరువాత కూడా ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే పెద్ద బహుమతి కొలువే.

ఖరగ్‌పూర్‌లో ఈ విషయం కొత్తది కాదు. ఆగ్నేయ రైల్వే క్రీడా సంఘం పేరిట ఉన్న సెర్సా స్టేడియం ఇక్కడ ఉంది. క్రికెటర్‌గా ప్రపంచమెరిగిన మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి కొంతకాలం ఈ స్టేషన్‌లో టికెట్ తనిఖీ ఉద్యోగం చేసింది క్రీడా కోటా ద్వారానే. చిన్ననాట ఆయన కూడా ఫుట్‌బాల్ గోల్ కీపరే. ఆయన ఆ ఉద్యోగం వదిలి వెళ్లడం సినిమా కథ అయింది. ఆ ఉద్యోగం సంపాదించడమే గమ్యంగా మైదానానికి వచ్చే పిల్లల సంఖ్య మాత్రం వదిలి వెళ్లే వారి కన్నా ఎప్పుడూ ఎక్కువే.

వర్క్‌షాపులోనో లోకో షెడ్‌లోనో తాత పనిచేసిన తెలుగు కుటుంబపు కుర్రవాడు నేడు స్టాపర్‌గా ఎదగాలనుకుంటే అతని ముందు రెండు దారులు ఉంటాయి. రోజూ లోకల్ రైలెక్కి కోల్‌కతా క్లబ్బుల చుట్టూ తిరిగి, ఎవరి దృష్టిలోనైనా పడి, ఒప్పందం సంపాదించడం ఒకటి. రాష్ట్ర జట్టులో చోటు పొంది, ఆ ధ్రువపత్రంతో రైల్వే క్రీడా కోటాకు దరఖాస్తు చేయడం రెండవది. రెండో దారికి కూడా మొదటి దారిలో కొంత దూరం నడవక తప్పదు. క్లబ్బు ఆట కనబడకుండా రాష్ట్ర ఎంపిక జరగదు.

క్రీడా కోటా నిబంధనలలో డిఫెండర్‌కు అనుకూలమైన అంశం ఒకటి ఉంది. అర్హతకు చూసేది ఏ స్థాయి పోటీలో ఆడాడు, జట్టు ఏ స్థానంలో నిలిచింది అన్నవే. ఎన్ని గోల్స్ చేశాడన్న ప్రశ్న అక్కడ లేదు. స్ట్రైకర్‌కూ స్టాపర్‌కూ ఒకే కొలబద్ద. ఆ తరువాత జరిగే మైదాన పరీక్ష మాత్రం దాడి ఆటగాడికే కలిసివస్తుంది. ఒక్క పూటలో వేగం, షాట్, బంతిపై పట్టు చూపించవచ్చు. ఎక్కడ నిలబడాలో తెలిసిన తెలివిని ఒక్క పూటలో చూపించడం కష్టం.

వయసు నిబంధన మరొకటి. దరఖాస్తుదారుకు 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి. పరుగు మీద ఆధారపడే వింగర్ ఆ వయసుకే తన సత్తా చూపిస్తాడు. అంచనా మీద ఆధారపడే సెంటర్ బ్యాక్ ఆట సాధారణంగా పండేది ఇరవై ఐదు దాటిన తరువాతే.